గోధుమల వెనక వంతు

నా వక్కాకు తిత్తిలో ఇప్పుడు ఆకులు, వక్కలతో పాటు నాలుగు కాగితం ముక్కలు ఉంటాయి. ఒక్కొక్కటి చిటికెన వేలంత. మా మనవరాలు కత్తెరతో కత్తిరించి, తడవకుండా పైన టేపు అంటించి ఇచ్చింది. రెండింటి మీద ఇంగ్లీషులో గోధుమ అని, రెండింటి మీద బార్లీ అని ఉంటుంది. ఒక్కో మాటకు రెండేసి ఎందుకంటే, ఇంగ్లీషులో ఒకే అక్షరం పెద్దబడి ఒక రకంగానూ చిన్నబడి ఇంకో రకంగానూ ఉంటుందట. అంత అవసరం ఏమొచ్చిందో నాకు తెలియదు. మనం ఒక్క రకంతోనే నెట్టుకొస్తున్నాం కదా.

నేను చదివింది ఉదయగిరిలో మూడో తరగతి దాకా. నాలుగులోకి పోవలసిన ఏడు మా నాయన నన్ను చేనికి కాపలా పెట్టాడు. తెలుగు కూడబలుక్కుని చదవగలను. ఇంగ్లీషు రాదు. అయినా చీరకు జాకెట్టు గుడ్డ జత చూసుకోవడం వచ్చినవాళ్ళకు అక్షరానికి అక్షరం జత చూసుకోవడం ఏమంత కష్టం కాదు. ప్యాకెట్టు వెనకపక్క సన్నటి రాత ఉంటుంది. దాని పక్కన నా ముక్కను ఆనించి, వరుస వరుసా వేలితో జరుపుకుంటూ పోతాను. ఎక్కడైనా జత కుదిరిందా, ఆ ప్యాకెట్టు మళ్ళీ అంగట్లోకే.

ఇంత యాతన మా మనవరాలి కడుపు కోసం. మనవరాలంటే కూతురి బిడ్డ. వాళ్ళుండేది ఆత్మకూరులో. అల్లుడు ఇళ్ళకు కరెంటు వైర్లు లాగుతాడు, కూతురు ఇంట్లో మిషను కుడుతుంది. పిల్ల నాలుగో తరగతి. అంటే నాకంటే ఒక తరగతి ఎక్కువ చదివింది. ఆ సంగతి నాకు గుర్తు చేస్తూనే ఉంటుంది.

రెండేళ్ళపాటు ఆ పిల్ల ఏం తిన్నా కడుపు ఉబ్బేది. విరేచనాలు. తిండి ఒంటికి పట్టేది కాదు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం, నులిపురుగుల మందు మింగించాం. వాళ్ళ అమ్మకు పెట్టడం చేతకావడం లేదని నేను పిల్లను మా ఇంట్లో పెట్టుకుని, బలానికని పూటపూటా గోధుమరవ్వ జావ కాచి పోశాను. పోసేకొద్దీ పిల్ల ఇంకా పాలిపోయింది. చివరికి నెల్లూరులో డాక్టరు రక్తం తీసి, గొట్టం వేసి చూసి, సంగతి తేల్చాడు. గోధుమలో గ్లూటెన్ అని జిగురులాంటిది ఒకటి ఉంటుంది, అది ఈ పిల్ల పేగుకు పడదు, లోపల పుండు చేస్తుంది అన్నాడు. గోధుమ, మైదా, రవ్వ, సేమ్యా, బార్లీ, ఏదీ ఆవగింజంత కూడా పోకూడదు, ఎప్పటికీ పోకూడదు అన్నాడు. నేను జావ సంగతి ఆయనతో చెప్పలేదు.

మానేసిన నాలుగు నెలలకు పిల్లకు బుగ్గలు వచ్చాయి. అన్నం, దోసె, ఇడ్లీ ఉండగా ఇంక కొరతేముంది అనుకున్నాను. కొరత నిరుడు పుట్టినరోజు నాడు కనబడింది. అల్లుడు బేకరీ నుంచి కేకు తెచ్చాడు. పిల్ల కొవ్వొత్తి ఊది, కేకు కోసి, చుట్టుపక్కల పిల్లలందరికీ నోట్లో పెట్టింది. తను మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి అరటిపండు వలుచుకుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఒక కసురు కసిరి ఊరుకోబెట్టేదాన్ని. ఏడవకపోయేసరికి నాకేం చేయాలో తోచలేదు.

ఈ ఏడు పుట్టినరోజు దగ్గర పడినప్పుడు, మా ఇంటికి వచ్చి ఉన్న ఒక ఆదివారం, నా పక్కన కూర్చుని అడిగింది.

"అవ్వా, ఈసారి నేను కోసే కేకు నేను తినొచ్చా?"

"తినకుండా ఊరికే ఎందుకు కోస్తావు? నేను చేస్తాలే."

"నీకొచ్చా?"

"కట్టెల పొయ్యి మీద యాభై మందికి వండినదాన్ని. కేకెంత."

"కేకును పొయ్యి మీద వండరవ్వా. కాలుస్తారు."

"వండితే ఏంది, కాలిస్తే ఏంది. నీ నోట్లో పెట్టేది నేను."

కూతురు ఫోన్లో వీడియో పెట్టి చూపించింది. అందులో ఆడమనిషి మొట్టమొదటే గిన్నెకు వెన్న రాసి, దాని మీద మైదా చల్లింది. ఇంక చూడనక్కర్లేదు, ఆపేయమన్నాను. ఆత్మకూరు బేకరీల్లో మనం పిండి, నెయ్యి, చక్కెర తీసుకుపోతే బిస్కెట్లు కాల్చి ఇస్తారు కదా, మన పిండి ఇచ్చి అక్కడే కేకు కాల్పిద్దాం అంది కూతురు. సరే, చూసొద్దామని ముగ్గురం పోయాం. కాల్చే రేకుల మీద మైదా, బల్ల మీద మైదా, కాల్చే ఆయన కనురెప్పల మీద మైదా. అక్కడ గాలి పీల్చడానికే నాకు భయమేసింది. పిల్ల ముక్కుకు కొంగు అడ్డం పెట్టి వెనక్కు తీసుకొచ్చాను.

అక్కడి నుంచి నేరుగా కిరాణా కొట్టుకు పోయాం. మా కాగితం ముక్కలకు అదే మొదటి రోజు. కొట్టాయన ముందుగా ఒక చిన్న పొట్లం బల్ల మీద పెట్టాడు. అదే బేకింగ్ పౌడర్ అన్నాడు.

"దీని మీద ఏమీ రాయలేదే," అన్నాను.

"పెద్ద ప్యాకెట్టు తెచ్చి మేమే పొట్లాలు కడతాం అవ్వా. అందరూ ఇదే తీసకపోతారు."

"పేరూ ఊరూ లేనిది నాకొద్దు."

"బేకింగ్ పౌడర్‌కు పేరేంది? దానికి బారసాల చెయ్యాల్నా?"

"చేసింది ఉంటే అది ఇయ్యి."

మూత వేసిన డబ్బా ఇచ్చాడు. పిల్ల చదివింది, నేను జత చూశాను. అందులో కలిపింది మొక్కజొన్న పిండి. అది మనకు పడుతుంది. ఆ తర్వాత కేకు మీద చల్లే రంగురంగుల పలుకులు. పిల్ల వాటిని పట్టుకుని వదలడం లేదు. నా ముక్క మొదటి వరుసలోనే కుదిరిపోయింది.

"ఇదొక్కటే అవ్వా. పైన కొంచెం చల్లుకుంటా."

"కొంచెమూ లేదు, ఇంచుకా లేదు. పెట్టు ఆడ."

పెట్టేసింది. మొహం ముడుచుకుంది గానీ పెట్టేసింది. తర్వాత కోకో పొడి డబ్బా. పిల్ల గబగబా చదివి, ఇందులో ఏమీ లేదు, ఒట్టి కోకోనే అంది. నేను మాత్రం డబ్బాను తిప్పి తిప్పి అట్టడుగు వరుస దాకా పోయాను. అక్కడ జత కుదిరింది. పిల్లకు చూపించాను. నాలుగో తరగతికి ఆనలేదు, మూడో తరగతికి ఆనింది.

కొట్టాయన డబ్బా తీసుకుని చూసి నవ్వాడు. "దీంట్లో గోధుమ కలిపినారని కాదవ్వా. అదే ఫ్యాక్టరీలో గోధుమ సరుకు కూడా ఆడతారంట. అది రాసినారు అంతే."

"ఒకే మిషన్లో రెండూ ఆడితే ఒకదాని పిండి ఇంకోదానికి అంటకుండా పోతాదా?"

"అంటితే ఎంత అంటాది?"

"ఎంతయినా అంటాది కదా. నీ బిడ్డ కడుపయితే నువ్వు అట్లే అంటావా?"

వెనక నిలబడినవాళ్ళు కూడా నా మాటే రైటు అన్నారు. ఆయన ఇంకో రకం డబ్బా తీశాడు. నేను కొంగు దులుపుకుని, పెద్ద వకీలులాగా బయటికి వచ్చాను. ఆ మాటలు గుర్తొస్తే ఇప్పటికీ నాకే నవ్వొస్తుంది. అంత గట్టిగా వాదించిన నోటితో నన్ను నేను ఒక్క మాట అడుక్కోలేదు.

ఎందుకంటే రాగిపిండి, బియ్యప్పిండి కొనే పని నాకు లేదు. అవి మా ఇంట్లోవి. మా గింజలు, మా డబ్బా. నేను పిండిమరకు పోయే పద్ధతి ఒకటి ఉంది, అది కూడా చెప్పాలి. మరలో మొదట పోసినవాళ్ళకు నష్టం. లోపలి రాళ్ళకూ, పిండి దిగే గుడ్డ గొట్టానికీ వాళ్ళ పిండి కొంత అంటుకుని ఉండిపోతుంది. వాళ్ళ వెనక పోసినవాళ్ళకు అదంతా రాలి డబ్బాలో పడుతుంది. అందుకని నేను ఎప్పుడూ ముందు పోయను. ఎవరైనా పెద్ద డబ్బాతో గోధుమలు తెస్తే చూసుకుని, వాళ్ళ వెనకే వంతు పెట్టుకుంటాను. గోధుమపిండి తెల్లగా, మెత్తగా ఉంటుంది, కలిసినా సంగటికి రుచే. మూడు కేజీలు పోసి మూడుంపావు తెచ్చుకోవడం నా కూతురికి కూడా నేర్పాను. కాపురం అంటే అట్లా చేసుకోవాలని.

ఆ పిండితోనే కేకు చేశాను. పుట్టినరోజుకు ముందు రోజు పొద్దున, మందపాటి అల్యూమినియం దబరలో మూడు వేళ్ళ మందం ఇసుక పోసి పొయ్యి మీద పెట్టాను. ఇసుక వేడెక్కేలోపల గుడ్లు, బెల్లం, వెన్న, పెరుగు బాగా గిలక్కొట్టి, రెండు పిండులూ కోకో పొడీ కలిపాను. గిన్నెకు మైదా బదులు రాగిపిండి చల్లాను. దబర మీద మూత, మూత మీద రోలు పొత్రం. ముప్పావుగంటకు ఇల్లంతా కమ్మటి వాసన. మొదటిసారి గనక మధ్యలో కొంచెం గుంట పడింది. గుంటలో జీడిపప్పు పోశాను, కావాలని చేసినట్టే కనబడింది.

బస్సులో ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా ఆ టిఫిను క్యారియరును ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మోచెయ్యీ తగలకుండా కాచుకున్నాను. పుట్టినరోజు సాయంత్రం పిల్ల కొవ్వొత్తి ఊదింది. కేకు కోసింది. మొదటి ముక్క తనే తిన్నది. ఎవరి నోట్లోనూ పెట్టకుండా, మర్యాద మరిచిపోయి, కళ్ళు మూసుకుని తిన్నది. రెండో ముక్క కూడా తిన్నది. ఎదురింటి పిల్లలు బేకరీ నుంచి గుడ్డు పఫ్‌లు తెచ్చుకుని అరుగు మీద కూర్చుని తింటూ ఉంటే, మా పిల్ల వాళ్ళ మధ్య కేకు ముక్క పట్టుకుని రాణిలాగా కూర్చుంది.

మర్నాడు పొద్దునకు పిల్ల కడుపు డోలులాగా ఉబ్బింది. రెండు వాంతులు. బడికి పోలేదు, ఆ మర్నాడూ పోలేదు.

నాకు మొదట వచ్చింది కోపం. సరుకులన్నీ అక్షరం అక్షరం జత చూసి కొన్నాను. గిన్నెలు చింతపండుతో తోమాను. నా కేకులో తప్పుండే వీల్లేదు. మరి తప్పెక్కడుంది? అరుగు మీద, ఎదురింటి పిల్లల పఫ్‌లో. ఆ పిల్లలూ వాళ్ళ తల్లీ వాకిట్లోకి వచ్చి పలకరిస్తుంటే, వాళ్ళ ముందరే పిల్లను నిలదీశాను.

"పఫ్ తిన్నావా?"

"లేదవ్వా."

"ఒక్క కొరుకన్నా కొరికినావా?"

"లేదు."

"మరి కడుపు ఊరికే ఉబ్బిందా? దొంగతిండి తిని అబద్ధం కూడానా?"

ఎదురింటి తల్లి పాపం, "మా వోళ్ళు ఇయ్యలేదు పెద్దమ్మా, ఈ పాపకు పడదని వాళ్ళకు తెలుసు," అంది. ఆమె వెనకేసుకొస్తోంది అనుకున్నాను. పిల్ల నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళి పడుకుంది. నేను బస్సెక్కేటప్పుడు బయటికి రాలేదు. ఆ తర్వాత ఫోన్ చేస్తే, అవ్వకు నేను అబద్ధాలకోరును కదా, ఇంక నాతో ఏం మాట అని వాళ్ళ అమ్మతో చెప్పించింది.

రెండు వారాలు అట్లా గడిచాయి. డబ్బాలో పిండి అడుగంటితే రాగులు తీసుకుని మరకు పోయాను. నలుగురు ఆడవాళ్ళు బల్ల మీద వరుసగా కూర్చుని ఉన్నారు. మర నడిపే ఆయన నన్ను చూడగానే చెయ్యి ఊపాడు.

"రా పెద్దమ్మా, రా. నీ అదృష్టం బాగుండాది. ఇప్పుడే ఒక డబ్బా నిండా గోధుమలు అయిపోయినాయి. నీ కోసం వంతు ఆపినాను."

నేను సంతోషంగానే పోయి రాగులు పోశాను. డబ్బా గుడ్డ గొట్టం కింద పెట్టి వంగి చూస్తున్నాను. రాగిపిండి ఎర్రటిది కదా. ముందు దిగింది ఎర్రగా లేదు. తెల్లగా, పాలపొడిలాగా జారి పడింది. దోసెడుకు తక్కువ కాదు. ఆ తర్వాత కొంచెం చారలు చారలుగా వచ్చి, అప్పుడు ఎర్రబడింది. ఇన్నేళ్ళు ఆ తెలుపును చూసి లాభం అనుకున్న కళ్ళే. ఆ రోజు మాత్రం చెయ్యి ఎత్తి అరిచాను.

"ఆపు నాయనా. మర ఆపు."

"ఏంది పెద్దమ్మా, రాయేమన్నా పడిందా?"

"గోధుమపిండి పడింది."

ఆయన మర ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "పడకుండా ఎట్టుంటాది? నువ్వే కదా ఎప్పుడూ గోధుమల ఎనకే వంతు అడిగేది. నాకు మీసాలు మొలవక ముందు నుంచీ చూస్తా ఉండాను."

బల్ల మీది ఒకామె అందుకుంది. "ఈ పొద్దు చాలినంత పడలేదేమో. ఇంకోరివి పోసిందాకా తాళు పెద్దమ్మా."

అందరూ నవ్వారు. మామూలుగా అయితే నలుగురికీ నాలుగు తగిలించేదాన్ని. ఆ రోజు డబ్బా ఎత్తుకుని గమ్మున వచ్చేశాను. అంగట్లో ప్రతి డబ్బాకూ అడుగు వరుస దాకా చూశాను. నేను నింపుకున్న నా డబ్బా మీద చూడటానికి ఏ వరుసా లేదు. పిల్ల అబద్ధం చెప్పలేదు. పఫ్ తినలేదు. దాని పుట్టినరోజు కేకులో గోధుమను నేనే, నా చేత్తోనే, ఊరికే వచ్చింది కదా అని తెచ్చి కలిపాను. జావ పోసింది తెలియక. ఇది తెలిసీ ఆలోచించక.

ఆ పిండి పారేయలేదు. పిండి ఏం తప్పు చేసింది, తప్పు చేసింది నేను. వారం రోజులు సంగటి చేసుకుని నేనే తిన్నాను.

ఇంక మర పనికిరాదు. ముందు వంతు పెట్టుకున్నా, అంతకు ముందు రోజు సాయంత్రం ఆడిన గోధుమ రాళ్ళలో ఉంటుంది. మా ఇంటి తిరగలి ఎప్పుడో ఇచ్చేశాం. ఎవరింట్లో ఉందా అని ఆలోచిస్తే మా వీధి చివర గొర్రెలు, మేకలు పెట్టుకుని ఉండే ఆమె గుర్తొచ్చింది. వాళ్ళది సీతారామపురం అవతల పల్లె. ఆమెకూ నాకూ మాటలు అంత బాగా లేవు. ఆమె మేక నా సొరతీగ మేసినప్పుడు నేను అన్న మాటలు వీధంతా విన్నది. అయినా పోయాను.

ఆమె వాకిట్లో మేకపిల్లకు పాలు పడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏందక్కా ఇట్టొచ్చినావు? ఈ పొద్దు మా మేకలు నీ దొడ్డి దిక్కు రాలేదే."

"మేకల పని కాదు. నీ దగ్గర తిరగలి ఉండాదా?"

"ఉండాది. ఎందుకు?"

"దాంట్లో ఎప్పుడన్నా గోధుమలు ఇసిరినావా?"

ఆమె పాలసీసా పక్కన పెట్టి నా వైపు చూసింది. నాకు మతి చలించిందేమో అనుకున్నట్టుంది. "గోధుమలా? మా అత్త కాలం నుంచీ ఆ రాయి చూసింది రాగులు, కొర్రలు, ఉలవలు. అంతే. మాకు చపాతీ చెయ్యడమే రాదు, గోధుమలతో ఏం పని?"

"బాగా గుర్తు చేసుకో. ఒక్కసారన్నా?"

"లేదంటే లేదు."

"ఒట్టెయ్యి."

"గొర్రెల మీద ఒట్టు. ఇంతకీ ఏందక్కా నీకు గోధుమల మీద ఈ పగ?"

చెప్పాను. మొత్తం చెప్పాను, మర సంగతితో సహా. కేకును గురించి చెప్పినంతసేపూ గంభీరంగా విన్నది. వంతు పెట్టుకునే సంగతి దగ్గరికి రాగానే మోకాళ్ళు పట్టుకుని నవ్వింది.

"నా మేక నీ సొరాకు రెండు తిన్నదని ఊరు లేపినావు. నువ్వు ఊరందరి పిండీ మేస్తా ఉండావా?"

"తిరగలి ఇస్తావా, ఇయ్యవా?" అన్నాను.

ఇవ్వడమే కాదు, తానే ఎదురు కూర్చుంది. రాగులను చేటలో పోసి, వేరే గింజ ఒక్కటి లేకుండా ఇద్దరం ఏరాం. రాయిని ముందు రెండుసార్లు కడిగి ఎండబెట్టి, ఒక పిడికెడు రాగులు విసిరి ఆ పిండి తీసి మేకలకు వేశాం. ఆ పిడికెడు పోతుంటే నాకు ప్రాణం లాగింది. పిడి ఆమె ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని తిప్పాం. నా పాత జల్లెడలో గోధుమపిండి కూడా జల్లించేదాన్ని గనక కొత్త జల్లెడ కొన్నాను. కేకు కలిపే చెక్క గరిటె కూడా మా ఊళ్ళో గరిటెలు చెక్కే పనివాళ్ళ దగ్గర కొత్తది తీసుకున్నాను. బియ్యప్పిండికి ఇంట్లోనే నానబెట్టిన బియ్యం రోట్లో దంచాను. ఈసారి ఒక్క వస్తువును కూడా నాదే కదా అని వదల్లేదు. నా చేతులతో సహా అన్నిటినీ అనుమానించాను.

కేకు కాల్చుకుని ఆత్మకూరు చేరేసరికి పిల్ల బడి నుంచి వచ్చి అరుగు మీద రాసుకుంటోంది. క్యారియరు చూసింది, మళ్ళీ పుస్తకంలోకి చూసింది.

"కేకు తెచ్చినాను."

"నాకొద్దు. తిని కడుపు నొస్తే నేను దొంగనంటావు."

కూతురు మిషను ఆపి, "ఏమే, అవ్వతో అట్టనా మాట్లాడేది," అంది. నువ్వు కుట్టుకో అని కూతురిని ఆపాను. పిల్ల పక్కన కూర్చున్నాను. నాకు తప్పు ఒప్పుకోవడం అలవాటు లేదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు కూడా.

"నువ్వు పఫ్ తినలేదు."

"నేను అదే కదా చెప్పింది."

"గోధుమ నా పిండిలోనే ఉండాది. మరలో ఇంకోళ్ళ గోధుమపిండి నాకు ఎక్కువ రావాలని వాళ్ళ ఎనక పోస్తా ఉన్నాను. అదే నీ కేకులో కలిసింది. తప్పు నాదే."

కూతురు మిషను మీద తల పెట్టుకుంది. "అమ్మా, నాకు కూడా అదే కదా నేర్పినావు."

పిల్ల పెన్సిల్ కింద పెట్టి చాలాసేపు ఆలోచించింది. డాక్టరు రక్తం రిపోర్టు చూసినప్పుడు కూడా అంతసేపు ఆలోచించలేదు.

"అయితే కొట్టాయనతో ఒకే మిషన్లో ఆడితే అంటాదని నువ్వే అన్నావు కదా."

"అన్నాను."

"మరి నీకు తెలీదా?"

"వాళ్ళ మిషను గురించి తెలుసు. నా మర గురించి తెలీలా."

పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. తర్వాత చెప్పింది, "నన్ను ఎదురింటోళ్ళ ముందర తిట్టినావు. నాకు ఒక్కదానికే చెప్తే చాలదు. వాళ్ళకు కూడా చెప్పాల."

కూతురు పోనీలేవే అంది. పిల్ల పోనివ్వలేదు. నేను లేచి చీర సర్దుకున్నాను. నా చెయ్యి పట్టుకుని వీధి దాటించి, వాళ్ళ వాకిట్లో నిలబెట్టి, ఆ ఇంటి పిల్లలిద్దరినీ, తల్లినీ బయటికి పిలిచింది. "మా అవ్వ మీకు ఒకటి చెప్పాలంట."

చెప్పాను. ఆమె, అయ్యో దానికేముంది పెద్దమ్మా, కూర్చోండి, కాఫీ తాగండి అంటూ కుర్చీ వేసింది. ఆమె పెద్దకొడుకు మాత్రం, మర దగ్గర ఎట్లా ఎక్కువ పిండి వస్తుందో ఇంకోసారి చెప్పమన్నాడు, వాళ్ళ నాయనమ్మకు చెప్తాడట. వద్దు నాయనా, అది మంచి విద్య కాదు అన్నాను. మా పిల్ల పగలబడి నవ్వింది. ఇన్నాళ్ళ తర్వాత అది నవ్వడం అప్పుడే చూశాను.

ఇంటికొచ్చి కేకు కోశాం. పిల్ల ముందు చిన్న తునక తుంచి నోట్లో పెట్టుకుంది, నన్ను చూసింది. తర్వాత ముక్క మొత్తం తిన్నది. ఇంకో ముక్కకు చెయ్యి చాస్తే నేనే వద్దన్నాను, రేపటి సంగతి చూసుకుని తిందువులే అన్నాను. ఆ సాయంత్రం నేను అన్నం తిన్నానో లేదో నాకు గుర్తు లేదు.

తెల్లవారి పిల్ల ఇంకా నిద్రలో ఉండగానే పక్కన కూర్చుని కడుపు మీద చెయ్యి వేశాను. ఉబ్బు లేదు. నొక్కి చూశాను, మెత్తగా ఉంది. పక్కకు కూడా తడిమి చూశాను.

"చెయ్యి తియ్యవ్వా, చక్కిలిగింత," అంటూ ముడుచుకుపోయి నవ్వింది.

"నొప్పేమన్నా ఉండాదా?"

"లేదు."

"నిజం చెప్పు."

ఒక కన్ను తెరిచి చూసింది. నేను నాలుక కరుచుకున్నాను.

"నువ్వు లేదంటే లేనట్టే," అన్నాను.

లేచి కూర్చుంది. జడ ఊడిపోయి మొహం మీద పడుతోంది. "మిగిలిన కేకు ఎక్కడ పెట్టినావు? ఇప్పుడే తినాల."

"ముందు పళ్ళు తోముకో," అన్నాను.